ఆటగాడిగా నాలుగు, కోచ్‌గా నాలుగు: లీ మాథ్యూస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్‌లోనో బ్రిస్బేన్‌లోనో కొత్తగా స్థిరపడిన మనవాళ్లకు ఆఫీసులో మొదట తగిలే చిక్కు ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. సోమవారం పొద్దున అందరూ దాని గురించే మాట్లాడతారు, మనకేమో ఒక్క ముక్కా అర్థం కాదు. ఆ మాటల్లో ఎప్పుడో ఒకప్పుడు లీ మాథ్యూస్ పేరు వస్తుంది. ఆ పేరు విన్నాక ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

అసలు ఎవరీ లీ మాథ్యూస్?

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ చరిత్రలో మొదటి వరుసలో చెప్పుకునే ఆటగాడు, ఆ తర్వాత అదే స్థాయి కోచ్. 1952 మార్చి 1న పుట్టాడు, మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా ఫ్రాంక్‌స్టన్ వైపు పెరిగాడు. హాథోర్న్ క్లబ్‌కు 1969 నుంచి 1985 దాకా 332 మ్యాచ్‌లు ఆడి 915 గోల్స్ కొట్టాడు. ఆటగాడిగా నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు: 1971, 1976, 1978, 1983. కోచ్‌గా మరో నాలుగు: 1990లో కాలింగ్‌వుడ్‌తో ఒకటి, 2001, 2002, 2003లో బ్రిస్బేన్ లయన్స్‌తో మూడు. అభిమానులు పెట్టుకున్న పేరు ‘లీథల్’. ప్రాణాంతకం అని అర్థం, పైగా లీ అనే పేరుతో చక్కగా అతికింది. ఆ పేరు ఊరికే రాలేదని కింద 1985 సంగతి చదివితే తెలుస్తుంది.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాలేనా? రగ్బీయా?

రెండూ కాదు. క్రికెట్ గ్రౌండంత పెద్ద కోలాకారపు మైదానంలో ఒక్కో జట్టుకు 18 మంది ఆడతారు. రెండు చివర్లా నాలుగేసి పోస్టులు ఉంటాయి. నడిమి రెండు పొడవాటి పోస్టుల మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క పోస్టుల మధ్య నుంచి పోతే బిహైండ్, ఒక్క పాయింటు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు గానీ విసరకూడదు. కాలితో తన్నాలి, లేదా ఒక చేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది అందించాలి. ఇంకో ఆటగాడు తన్నిన బంతిని గాల్లోనే పట్టేస్తే దాన్ని మార్క్ అంటారు. అప్పుడు ఎవరూ అడ్డుకోకుండా తన్నే హక్కు వస్తుంది. ఆట నాలుగు క్వార్టర్లు. సీజన్ చివర పట్టికలో పైనున్న జట్లు ఫైనల్స్ అనే మ్యాచ్‌లు ఆడతాయి. వాటిలో చివరికి మిగిలిన రెండు జట్లు గ్రాండ్ ఫైనల్ ఆడతాయి, గెలిచినవాళ్లది ప్రీమియర్‌షిప్.

మైదానాలు మాత్రం మనకు బాగా తెలిసినవే. మాథ్యూస్ గ్రాండ్ ఫైనల్స్ గెలిచిన ఎంసీజీలోనే 2024 డిసెంబర్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టాడు. బ్రిస్బేన్ లయన్స్ సొంత మైదానం గబ్బా. 2021 జనవరిలో హైదరాబాదీ సిరాజ్ రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసింది అక్కడే. ఎండాకాలం క్రికెట్, చలికాలం ఫుటీ. అక్కడి మైదానాలు రెండు ఆటలకూ పనికొచ్చేలా ఉంటాయి.

ఆటగాడిగా అతని ప్రత్యేకత ఏమిటి?

ఎత్తు 178 సెంటీమీటర్లే. ఈ ఆటలో అది పొట్టి కిందే లెక్క. బంతి పైకి లేచినప్పుడు పొడుగువాళ్లు ఎగిరి కిందికి తడతారు, కింద కాచుకుని ఉండి దాన్ని ఏరుకునేవాడు రోవర్. మాథ్యూస్ ఆడింది ఆ స్థానంలో. గోల్ దగ్గరే నిలబడే ఫార్వర్డ్‌లు వందల గోల్స్ కొట్టడంలో వింతేం లేదు. మైదానం మధ్యలో పరుగులు తీస్తూ, గుంపులో పడి బంతి లాక్కుంటూ, మధ్యమధ్య గోల్ ముందుకు వచ్చే ఆటగాడు 915 కొట్టడం వింత. 1975లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినందుకు కోల్‌మన్ మెడల్ కూడా అతనికే వచ్చింది.

క్లబ్‌లో ఏడాది మొత్తానికి ఉత్తమ ఆటగాడి అవార్డును ఎనిమిదిసార్లు అందుకున్నాడు. 1971లో పంతొమ్మిదేళ్ల వయసులో మొదటిది, 1982లో ముప్పై ఏళ్లకు చివరిది. ఆ మధ్య హాథోర్న్‌లో పెద్దపెద్ద ఆటగాళ్లు ఎంతోమంది వచ్చి వెళ్లారు. 1971లో పీటర్ హడ్సన్ ఒక్క సీజన్‌లో 150 గోల్స్ కొట్టి పాత రికార్డును సమం చేశాడు. ఆ ఏడు కూడా క్లబ్ అవార్డు మాథ్యూస్‌కే!

పోస్టు విరగ్గొట్టాడంటారు, నిజమేనా?

నిజమే. 1982లో ఎస్సెండన్ సొంత మైదానం విండీ హిల్‌లో జరిగింది. బంతి వెంట పరుగెత్తుతూ ఆపుకోలేక వెళ్లి పక్క పోస్టును గుద్దుకున్నాడు. పోస్టు విరిగింది, మనిషి లేచి నిలబడ్డాడు. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మాథ్యూస్ ఎలాంటివాడో కొత్తవాళ్లకు చెప్పాలంటే ఆస్ట్రేలియన్లు అంకెల జోలికి పోకుండా ముందు ఆ క్లిప్పే చూపిస్తారు.

ఇంత గొప్పవాడికి బ్రౌన్‌లో మెడల్ ఎందుకు రాలేదు?

బ్రౌన్‌లో లీగ్‌లోనే పెద్ద వ్యక్తిగత అవార్డు. ప్రతి మ్యాచ్ అయ్యాక అంపైర్లు ముగ్గురు ఆటగాళ్లకు 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. ఆ ఏడాది సస్పెండ్ అయినవాళ్లకు అర్హత ఉండదు. అంపైర్లు మెచ్చే సాఫీ ఆట మాథ్యూస్‌ది కాదు. అయితే ఆటగాళ్ల సంఘం 1982లో తమ సొంత అవార్డు మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి విజేత అతనే. ఎదురుగా నిలబడి దెబ్బలు తిన్నవాళ్లు వేసిన ఓట్లు అవి. 2002 నుంచి ఆ ట్రోఫీకి అతని పేరే పెట్టారు. నన్నడిగితే మెడల్ రాని లోటు దీంతో తీరిపోయింది.

1985లో ఏం జరిగింది?

అతని అభిమానులు దాటేసే ప్రశ్న ఇది, దాటేయకూడదు. ఆ ఏడాది జూన్‌లో ప్రిన్సెస్ పార్క్‌లో జీలాంగ్‌తో మ్యాచ్. బంతి దగ్గర్లో కూడా లేదు, మాథ్యూస్ జీలాంగ్ ఆటగాడు నెవిల్ బ్రన్స్‌ను కొట్టాడు. బ్రన్స్ దవడ విరిగింది. అంపైర్లు చూడలేదు కాబట్టి అక్కడికక్కడ ఫిర్యాదు ఏమీ నమోదు కాలేదు. అప్పటి దాకా మైదానంలో జరిగింది మైదానంలోనే వదిలేయడం ఆనవాయితీ. ఈసారి అలా వదల్లేదు. లీగ్ విచారణ జరిపి నాలుగు వారాలు అతని రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. ఆపై పోలీసు కేసు పెట్టారు. కోర్టు వెయ్యి డాలర్ల జరిమానా వేసింది, అప్పీలులో ఆ శిక్ష పోయింది.

గట్టిగా ఆడటం వేరు, బంతి లేని మనిషిని కొట్టడం వేరు. ఆ రోజు మాథ్యూస్ చేసింది రెండోది. ఆ సీజన్ చివర గ్రాండ్ ఫైనల్లో ఎస్సెండన్ చేతిలో ఓడిపోయి ఆట మానేశాడు. పదిహేడేళ్ల కెరీర్‌కు అంత మంచి ముగింపు కాదది.

గొప్ప ఆటగాళ్లు మంచి కోచ్‌లు కాలేరంటారు కదా?

చాలాసార్లు అది నిజమే అవుతుంది. తనకు సులువుగా వచ్చింది ఎదుటివాడికి ఎందుకు రావడం లేదో వాళ్లకు అర్థం కాదు. మాథ్యూస్ విషయంలో ఆ మాట ఎందుకు తప్పిందన్నది అతని కెరీర్‌లో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి.

నాకు కనిపించే కారణం హాథోర్న్‌లోనే ఉంది. అక్కడ గెలిచిన నాలుగు ప్రీమియర్‌షిప్‌లు ముగ్గురు కోచ్‌ల కింద వచ్చాయి. 1971, 1976 జాన్ కెనెడీ, 1978 డేవిడ్ పార్కిన్, 1983 అలన్ జీన్స్. ముగ్గురి పద్ధతులూ వేరు. కెనెడీది ఒంట్లో చెమటంతా పిండేసే క్రమశిక్షణ. పార్కిన్ టీచర్‌గా పనిచేసినవాడు, ఆటను విడదీసి చెప్పే రకం. జీన్స్ పోలీసు ఉద్యోగం చేసినవాడు, ఒకటే మాటను పదేపదే చెప్పి బుర్రకెక్కించే మనిషి. గెలవడానికి ఒకటే దారి ఉందనుకునే అవకాశం మాథ్యూస్‌కు రాలేదు. కెప్టెన్‌గా 1981 నుంచి 1985 దాకా డ్రెస్సింగ్ రూమ్ నడిపిన అనుభవం దానికి తోడైంది. కోచ్ అయ్యాక తన జట్లలో ఎక్కడా ‘నాలాగా ఆడు’ అనే పద్ధతి కనిపించదు. బ్రిస్బేన్‌లో అతని చేతికింద మెరిసినవాళ్లలో సైమన్ బ్లాక్ నెమ్మదస్తుడు, పుస్తకంలో రాసినట్టు ఆడేవాడు. జేసన్ అకర్మానిస్ నోరు ఊరుకోని షోమ్యాన్. ఇద్దరిలో ఎవరూ మాథ్యూస్‌కు నకలు కాదు.

కోచ్ మ్యాచ్ జరుగుతుండగా ఏం చేస్తాడు? క్రికెట్‌లో కెప్టెనే కదా అన్నీ చూసుకునేది?

ఇక్కడ కెప్టెన్ పాత్ర చిన్నది, నిర్ణయాలన్నీ కోచ్‌వే. స్టాండ్‌లో పైన అద్దాల గదిలో అసిస్టెంట్లతో కూర్చుంటాడు, కింద బెంచికి ఫోన్ ఉంటుంది. ఎవరిని మార్చాలి, ఎవరు ఎవరిని కాచుకోవాలి అన్నది అక్కడి నుంచే చెబుతాడు. మాథ్యూస్ కాలంలో ఆ మాట మోసుకెళ్లడానికి రన్నర్ అని ఒక మనిషి ఉండేవాడు. ఆట నడుస్తుండగానే మైదానంలోకి పరుగెత్తుకెళ్లి, ఆటగాడి చెవిలో వేసి వచ్చేవాడు. క్వార్టర్ల మధ్య కోచ్ స్వయంగా కిందికి దిగి, ఆటగాళ్లను చుట్టూ నిలబెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడతాడు. టీవీలో ఎక్కువమంది చూసేది ఆ రెండు నిమిషాలే.

కాలింగ్‌వుడ్‌కు ఎలా వెళ్లాడు?

1986లో అసిస్టెంట్‌గా వెళ్లాడు. సీజన్ మూడు మ్యాచ్‌లు అయ్యేసరికి హెడ్ కోచ్ బాబ్ రోజ్ తప్పుకోవడంతో పగ్గాలు ఇతని చేతికొచ్చాయి. కోచింగ్ నేర్చుకోవడానికి దొరికిన టైమ్ అంతే! పైగా క్లబ్ అప్పుల్లో మునిగి ఉంది, ఆటగాళ్లను జీతాలు తగ్గించుకోమని అడిగే పరిస్థితి. కొందరు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లతో, కొత్త కుర్రాళ్లతో జట్టు కట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

1990 విజయాన్ని అంత పెద్దగా ఎందుకు చెప్పుకుంటారు?

కాలింగ్‌వుడ్ మెల్‌బోర్న్‌లో అతి పెద్ద అభిమాన దండున్న క్లబ్. ప్రేమించేవాళ్లు ఎంతమందో, గిట్టనివాళ్లూ అంతమందే. 1958లో ప్రీమియర్‌షిప్ గెలిచాక మళ్లీ గెలవలేదు. గ్రాండ్ ఫైనల్‌కు రాలేక కాదు, వచ్చి ఓడేవాళ్లు: 1960, 1964, 1966, 1970, 1979, 1980, 1981. 1977లో అయితే గ్రాండ్ ఫైనల్ టై అయింది, వారం తర్వాత మళ్లీ ఆడి ఓడారు. 1970లో లక్షా ఇరవై వేలకు పైగా జనం చూస్తుండగా సగం ఆటకు 44 పాయింట్లు ముందుండి కార్ల్‌టన్‌కు అప్పజెప్పారు. పెద్ద మ్యాచ్ అనేసరికి కాళ్లు వణికే ఈ జబ్బుకు ‘కాలివాబుల్స్’ అని పేరు కూడా పెట్టేశారు.

1990 కూడా అలాగే మొదలైంది. మొదటి ఫైనల్లో వెస్ట్ కోస్ట్‌తో టై. దాన్ని మళ్లీ ఆడాల్సి రావడంతో గ్రాండ్ ఫైనల్ వారం వెనక్కి, అక్టోబర్ 6కు జరిగింది. ఎదురుగా ఎస్సెండన్. మొదటి క్వార్టర్ ముగిసిన గంట కొట్టగానే మైదానం మధ్యలో పెద్ద కొట్లాట. కాలింగ్‌వుడ్ ఆటగాడు గావిన్ బ్రౌన్ స్పృహ తప్పి పడిపోయాడు. పాత కాలింగ్‌వుడ్ అయితే అక్కడే చెదిరిపోయేది. ఈ జట్టు బంతి మీద దృష్టి పెట్టి రెండో క్వార్టర్ నుంచి దూరం పెంచుకుంటూ పోయింది, బ్రౌన్ కూడా తిరిగొచ్చి ఆడాడు. చివరికి 89–41. 48 పాయింట్ల తేడా. కెప్టెన్ టోనీ షాకు మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి మెడల్. సైరన్ మోగినప్పుడు బంతి చేతిలో ఉన్న డారెన్ మిల్లేన్ దాన్ని గాల్లోకి విసిరేశాడు. ఏడాది తిరిగేసరికి కారు ప్రమాదంలో పోయాడు.

ఆ జట్టులో సీజన్ మొత్తం మీద 97 గోల్స్ కొట్టిన పీటర్ డేకోస్ పేరు గుర్తుంచుకోండి. ఇప్పుడు కాలింగ్‌వుడ్‌కు ఆడుతున్న నిక్, జోష్ ఆయన కొడుకులే.

ఆ తర్వాత కాలింగ్‌వుడ్‌లో ఎందుకు చల్లబడ్డాడు?

1991లో ఫైనల్స్‌కే రాలేదు. 1992, 1994లో వచ్చి మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టారు. 1990 తర్వాత ఐదేళ్లలో ఒక్క ఫైనల్ కూడా గెలవలేదు. 32 ఏళ్ల దాహం తీర్చినవాళ్లను పక్కన పెట్టడం ఎవరికీ చేతకాదు, జట్టు వాళ్లతోనే ముసలిదైపోయింది. మాథ్యూస్ కూడా ఆ మొహమాటానికి అతీతుడు కాదన్నమాట. 1995 చివర క్లబ్ వదిలేసి టీవీ వ్యాఖ్యానానికి వెళ్లాడు.

మరి బ్రిస్బేన్ ఎందుకు? అది రగ్బీ ఊరు కదా?

అవును, క్వీన్స్‌ల్యాండ్‌లో రగ్బీ లీగ్‌దే రాజ్యం. బ్రిస్బేన్ బేర్స్ అనే క్లబ్, మెల్‌బోర్న్‌లో దివాలా తీసిన పాత క్లబ్ ఫిట్జ్‌రాయ్ 1996 చివర కలిసి బ్రిస్బేన్ లయన్స్ అయ్యాయి. 1998లో ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. మాథ్యూస్ పగ్గాలు పట్టిన 1999లోనే గ్రాండ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వచ్చింది.

అతనికి మట్టిలో మాణిక్యాలు దొరికాయని అనలేం, మంచి సరుకు అప్పటికే అక్కడుంది. కెప్టెన్ మైకేల్ వాస్, అకర్మానిస్, నైజెల్ లాపిన్, బ్లాక్, ఈ నలుగురి మిడ్‌ఫీల్డ్ లాంటిది అప్పట్లో ఎవరికీ లేదు. గోల్ ముందర అలిస్టర్ లించ్. తండ్రి ఆడిన క్లబ్‌కు కొడుకును తీసుకునే వీలుంది. తండ్రి ఫిట్జ్‌రాయ్‌కి ఆడినందువల్ల జొనాథన్ బ్రౌన్ కూడా వీళ్లకే దక్కాడు. కాలింగ్‌వుడ్ నుంచి డిఫెండర్ మాల్ మైకేల్‌ను తెచ్చుకున్నారు. అతను తర్వాత రెండు గ్రాండ్ ఫైనల్స్‌లో కాలింగ్‌వుడ్‌నే ఓడించాడు. ఆ క్లబ్ అభిమానుల ముందు ఈ మాట ఎత్తకండి.

సినిమా డైలాగ్ కథేమిటి?

2000లో ఎస్సెండన్ సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ ఓడి కప్పు గెలిచింది. 2001లో కూడా అదే జోరు. పదో రౌండ్‌లో వాళ్లు గబ్బాకు వస్తున్నారు, లయన్స్ ఏమో తడబడుతున్నారు. అప్పుడు మాథ్యూస్ ఓ పాత హాలీవుడ్ యాక్షన్ సినిమాలోని మాట వాడాడు. ఒంట్లోంచి రక్తం కారుతోందంటే దానికీ చావుందన్నమాటే అని దాని సారాంశం. లయన్స్ గెలిచారు. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి సీజన్ ముగిసే దాకా వరసగా 16 గెలిచారు, చివరిది అదే ఎస్సెండన్ మీద గ్రాండ్ ఫైనల్.

డైలాగ్ వల్లే గెలిచారనుకుంటే అమాయకత్వం. అయినా ఎదుటి జట్టును చూసి ముందే ఓడిపోయే జబ్బు ఉంటుందని, దానికి మందు వేయాలని కాలింగ్‌వుడ్‌లో నేర్చుకున్నవాడు మాథ్యూస్.

వరసగా మూడు గెలవడం అంత కష్టమా?

లయన్స్‌కు ముందు చివరిసారి అది చేసిన జట్టు 1955–57 నాటి మెల్‌బోర్న్. జీతాలకు గరిష్ఠ పరిమితి, అట్టడుగు జట్టుకు కొత్త కుర్రాళ్లలో మొదటి ఎంపిక లాంటి నిబంధనలన్నీ గెలిచేవాళ్లను కిందికి లాగడానికే ఉన్నాయి.

మూడు గ్రాండ్ ఫైనల్సూ మూడు రకాలు. 2001లో సగం ఆటకు వెనకబడి, తర్వాత పుంజుకుని ఎస్సెండన్‌ను 26 పాయింట్లతో ఓడించారు. ఆ సీజన్‌లో లయన్స్ విరామంలో ఆటగాళ్లకు సెలైన్ ఎక్కించే పద్ధతి వాడారు, తర్వాత లీగ్ దాన్ని నిషేధించింది. 2002లో వానలో కాలింగ్‌వుడ్ మీద తొమ్మిది పాయింట్లతో గట్టెక్కారు. చివరి క్వార్టర్‌లో కాలింగ్‌వుడ్ ఆటగాడు ఆంథనీ రోకా తన్నిన బంతిని అంపైర్ బిహైండ్ అన్నాడు, కాదు గోలే అని వాళ్లు ఈనాటికీ వాదిస్తారు. 2003లో అదే ప్రత్యర్థి మీద 50 పాయింట్లు. ఆ మ్యాచ్‌లో లాపిన్ విరిగిన పక్కటెముకలతో ఆడాడు, బ్లాక్ 39 సార్లు బంతి అందుకుని ఉత్తమ ఆటగాడయ్యాడు.

జీతాల పరిమితిలో బ్రిస్బేన్‌కు మినహాయింపు ఉండేదట. అన్యాయం కాదా?

ఉండేది. సొంత ఊళ్లు వదిలి దూరం వచ్చిన ఆటగాళ్లు వెళ్లిపోకుండా కొంత అదనంగా ఇచ్చుకోవడానికి లీగ్ అనుమతించింది. మెల్‌బోర్న్ క్లబ్‌లు దీని మీద బాగా గోల చేశాయి, తర్వాత అది పోయింది. వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. కానీ 1998లో అట్టడుగున ఉన్నప్పుడు మాత్రం ఆ డబ్బు గురించి ఎవరికీ పట్టలేదు.

2004లో ఏమైంది?

నాలుగోది చేజారింది, గ్రాండ్ ఫైనల్లో పోర్ట్ అడిలైడ్ 40 పాయింట్లతో గెలిచింది. అంతకుముందు వారం సొంత గబ్బాలో ఆడాల్సిన ప్రిలిమినరీ ఫైనల్‌ను (మన సెమీఫైనల్ లాంటిది), ఒక ప్రిలిమినరీ ఫైనల్ ఎంసీజీలోనే జరగాలన్న ఒప్పందం వల్ల మెల్‌బోర్న్‌లో ఆడాల్సి వచ్చింది, అదీ పోర్ట్ కంటే ఒక రోజు ఆలస్యంగా. బ్రిస్బేన్‌వాళ్లు దీన్ని ఇంకా మర్చిపోలేదు. ఆ తర్వాత 2008లో తప్పుకునే దాకా మాథ్యూస్ జట్టు మళ్లీ ఫైనల్స్ మొహం చూడలేదు. కోచ్‌గా మొత్తం 461 మ్యాచ్‌లు.

అయితే ఈ ఆటలో అందరికంటే గొప్పవాడు ఇతనేనా?

కప్పుల లెక్క అడిగితే కాదు. రాన్ బరాసీ, నార్మ్ స్మిత్ ఇద్దరికీ ఆటగాడిగా, కోచ్‌గా కలిపి పదేసి ఉన్నాయి, మాథ్యూస్‌వి ఎనిమిది. రెండు పాత్రల్లోనూ ఎంత ఎత్తుకు వెళ్లాడన్నది అడిగితే నా ఓటు మాథ్యూస్‌కే. 1996లో హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు ‘లెజెండ్’ హోదా ఇచ్చిన మొదటి పన్నెండు మందిలో ఉన్నాడు. ఎంసీజీ బయట బ్రాడ్‌మన్, లిల్లీ విగ్రహాలతో పాటు అతనిదీ ఉంది. బాక్సింగ్ డే టెస్టుకు వెళ్లినవాళ్లు తెలియకుండానే దాని పక్క నుంచి నడిచి ఉంటారు.

అతని దగ్గర ఆడినవాళ్లలో కోచ్‌లు అయినవాళ్లు ఉన్నారా?

చాలామంది. వాస్ బ్రిస్బేన్‌కు, తర్వాత కార్ల్‌టన్‌కు కోచ్ అయ్యాడు. జస్టిన్ లెపిచ్ కూడా బ్రిస్బేన్‌ను నడిపాడు. కవలలు క్రిస్ స్కాట్, బ్రాడ్ స్కాట్ ఇద్దరూ కోచ్‌లే. వీళ్లలో క్రిస్ జీలాంగ్‌తో 2011, 2022లో కప్పు గెలిచాడు. అన్నిటికంటే తమాషా 2023 గ్రాండ్ ఫైనల్: బ్రిస్బేన్ లయన్స్ ఒక వైపు, కాలింగ్‌వుడ్ ఇంకో వైపు. కాలింగ్‌వుడ్ కోచ్ క్రెయిగ్ మెక్రే, మాథ్యూస్ మూడు కప్పుల బ్రిస్బేన్ జట్టులో ఆడిన కుర్రాడే. నాలుగు పాయింట్లతో కాలింగ్‌వుడ్ గెలిచింది. బ్రిస్బేన్ మరుసటి ఏడాదే కప్పు కొట్టింది, 2025లో మళ్లీ కొట్టింది. మూడోదీ కొడితే 2001–03 జట్టుతో సమానమవుతుంది.